వెనక చక్రంలో చప్పుడు

అవనిగడ్డ
1946 నవంబరు 11

బ్రేకు బాగుచేశారట. చేసింది ఎవరో మేస్త్రీ కాదు, మా మేష్టారే. నిన్న ఆదివారం పొద్దున్నుంచీ పెరట్లో గోనెపట్టా పరుచుకుని, మోటారుసైకిలు వెనక చక్రం ఊడదీసి, బందరు నుంచి తెచ్చిన కొత్త లైనింగు ముక్కల్ని రాగి రివెట్లతో బిగించి, చక్రం మళ్లీ ఎక్కించి, కిరసనాయిలుతో చేతులు కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డారు. పొగడాలి కాబోలు. పొగిడాను. గుడివాడలో బస్సుల షెడ్డుకి తీసుకెళ్లి చేయించండి అని వారం నుంచీ మొత్తుకుంటున్నదాన్ని నేనే. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషికి ఈ నాలుగు మేకులు ఒక లెక్కా అన్నారు.

ఇవాళ కోడూరులో జ్వరం కేసు చూసి వస్తుంటే చప్పుడు మొదలైంది. ఆయన పైన కూర్చుని నడుపుతారు. పక్కన తగిలించిన సైడుకారులో కిందుగా కూర్చునేది నేను. వెనక చక్రం సరిగ్గా నా కుడి మోచేతి పక్కన తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా ఒకసారి కర్ర్ మంటోంది. రేకుమీద మేకుతో గీసినట్టు పళ్లు జివ్వుమంటున్నాయి. ఏమండీ ఆ చప్పుడేమిటీ అని అరిచాను. రెండుసార్లు అరిస్తేగానీ తల తిప్పలేదు. ఏ చప్పుడూ లేదే అన్నారు. గాలి అయ్యుంటుందన్నారు.

గాలికీ ఇనుముకీ తేడా తెలియనిదాన్నా నేను?

నవంబరు 13

ఇవాళ కూడా అంతే. ఆయన బ్రేకు తొక్కినప్పుడు ఆ కర్ర్ మరీ పెద్దదవుతోంది. కాలవ గట్టుమీద బట్టలుతికేవాళ్లు తలలెత్తి చూశారు. దారినపోయే ముసలాయన చెవి మూసుకున్నాడు. మా మేష్టారు మాత్రం పెళ్లికొడుకులా తిన్నగా ముందుకే చూస్తూ నడిపారు.

నాకు భయం చప్పుడు గురించి కాదు. ఈ బండి మూలపడితే నా వైద్యం మూలపడుతుంది. అత్తగారు మొదటినుంచీ అంటూనే ఉన్నారు, ఊళ్లమ్మట తిరగడమేమిటి, రోగమొచ్చినవాళ్లు మన అరుగు దగ్గరికి రారా అని. రారు. నొప్పులు పడుతున్న మనిషి నాగాయలంక నుంచి నడిచి మా అరుగు దగ్గరికి ఎలా వస్తుంది? అక్కడ చిట్టెమ్మకి ఇది మూడో కాన్పు. మొదటి ఇద్దరూ దక్కలేదు. ఈసారి నేను దగ్గరుంటానని దాని చేతిలో చెయ్యి వేసి చెప్పాను. ఈ నెలాఖరుకి బండి సరిగ్గా ఉండాలి, అంతే. ఆ మాటే ఆయనతో అంటే, బండికేం, బ్రహ్మాండంగా ఉంది అన్నారు.

కనీసం ఈ పుస్తకంలోనైనా ‘అన్నాడు’ అని రాద్దామనుకున్నాను. చెయ్యి రావడం లేదు. అందుకు కూడా కోపంగానే ఉంది.

నవంబరు 14

కర్ర్.

నవంబరు 16

ఆయన బడికి వెళ్లాక ఇవాళ తేల్చేశాను.

మా వీధి చివర ఎడ్లబండి తోలుకునే రత్తయ్యను పిలిపించి, మోటారుసైకిలు వెనకభాగం ఎత్తించి కింద దుంగ పెట్టించాను. చక్రం గాల్లో తిరుగుతోంది. చేత్తో తిప్పితే కర్ర్. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. రత్తయ్య విని, ‘ఇరుసెండిందమ్మా. కాస్త కందెన ఎడితే నోరు మూసుకుద్ది’ అన్నాడు. వాడి బండి కింద వేలాడే వెదురు గొట్టంలో ఆముదమూ మసీ కలిపిన కందెన ఎప్పుడూ ఉంటుంది. దివిసీమలో ఏ చక్రం ఏడ్చినా మందు అదొక్కటే. వద్దు, నువ్వు వెళ్లు అన్నాను. ఎందుకొద్దో వాడికి విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

స్టెతస్కోపు తెచ్చి ఇరుసు దగ్గర పెట్టాను. శుభ్రంగా ఉంది. గొలుసు విప్పి తిప్పాను, అయినా వచ్చింది. అంటే గొలుసు కాదు. బ్రేకు డ్రమ్ము మీద పెడితే చెవి చిల్లులు పడేలా వినిపించింది. బ్రేకు పెడలు చేత్తో నొక్కితే ఇంకా ఎక్కువైంది. బ్రేకు కడ్డీ చివరి నట్టు నాలుగు చుట్లు వదులు చేసి తిప్పాను. చప్పుడు పోయింది. మళ్లీ బిగించాను, మళ్లీ వచ్చింది.

ఇంకేం కావాలి? జబ్బు ఇరుసులో లేదు, కొత్త లైనింగులో ఉంది. రివెట్టు తలలు లైనింగు లోపలికి దిగాలి. ఈయన దించి ఉండరు. పైకి పొడుచుకు వచ్చిన తల డ్రమ్మును గీకుతోంది. చక్రం విప్పి ఆ తలలు అణగకొడితే సరిపోతుంది.

సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కోకముందే అంతా చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను, సిగ్గులేకుండా. ఆయన మొహం జేవురించింది. ‘నా బండి నువ్వెందుకు ముట్టుకున్నావు?’ అన్నారు. చప్పుడొస్తోందని చెప్పబోయాను. ‘చప్పుడు చప్పుడని రోజూ నన్నెందుకిట్లా సాధిస్తావు? ఏం కావాలి నీకు?’ అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

భోజనాల దగ్గర ఆయన లేచి వెళ్లాక, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు అన్నాను అత్తగారితో. ఆవిడ గరిటె అలాగే గిన్నెలో వదిలేసి పెరట్లోకి వెళ్లిపోయారు. కొడుకుని అనకూడదు మరి. ఆవిడ మాత్రం వీధి చివరిదాకా వినిపించే గొంతుతో ఆయన్ని ఎన్నైనా అనొచ్చు. ఈ ఇంట్లో కూర వడ్డించనా అని అడగడం కూడా అరుపే.

నవంబరు 18

నేను తిప్పిన నట్టు ఆయన చూసుకుని ఇంకాస్త బిగించారు. చక్రం విప్పలేదు. చప్పుడు యథాప్రకారం.

నవంబరు 19

ఈమధ్య వెనకనుంచి పిలిస్తే పలకడం మానేశారు. కాఫీ పెట్టాను రమ్మంటే రారు. చల్లారిపోయాక, చెప్పలేదేం అంటారు. ఇదంతా పంతం. నాకు చేతకాదా పంతం? ఇవాళ పొద్దున్నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం పెట్టాను, ఊరుకున్నాను. ఎదురుపడ్డాను, ఊరుకున్నాను.

ఆయన గమనించినట్టే లేరు. ఎంత అహంకారం!

నవంబరు 20

మాట్లాడలేదు.

నవంబరు 21

గాంధీ టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి కూతురికి దగ్గుమందు కోసం వచ్చి, మా అబ్బాయిలకి మీవారంటే హడలండీ, వెనక బెంచీవాడు జవాబు చెబితే మళ్లీ చెప్పు మళ్లీ చెప్పు అని నాలుగుసార్లు చెప్పిస్తారట అన్నాడు. బళ్లోనూ ఇదే తీరన్నమాట. ఎదుటివాడి మాట మొదటిసారికే వింటే ఆయన గొప్పేం తగ్గుతుందో.

నవంబరు 23

చప్పుడు లేదు!

మోపిదేవి వెళ్లి వచ్చాం. వెళ్లేటప్పుడూ లేదు, వచ్చేటప్పుడూ లేదు. ఎక్కడా ఆగే పని పడలేదు, బండి జోరుగా నడిచింది. నాకంతా అర్థమైంది. నేను లేనప్పుడెప్పుడో చక్రం విప్పి, నేను చెప్పిన రివెట్లే సరిచేసి, ఎవరికీ తెలియకుండా మళ్లీ బిగించి ఉంటారు. ఒప్పుకోవడానికి నోరు రాదు. మగవాళ్లంతా ఇంతే.

ఇంటికొచ్చాక ఎదురుగా నిలబడి, బాగుచేశారుగా అన్నాను. నాలుగు రోజుల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అదే. ‘ఏం బాగు చేశానూ? ఎప్పుడేం పాడైందని?’ అన్నారు.

సరే. అలాగే కానివ్వండి. గెలిచింది నేను. నాకు కావలసింది బండి, మాట కాదు.

నవంబరు 27

మణికట్టు వాచింది. అక్షరాలు కుదరడం లేదు. అయినా రాయాలి. రాయకపోతే ఎవరినైనా కొట్టేస్తానేమో అనిపిస్తోంది.

మొన్న పొద్దున నాగాయలంక నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు, చిట్టెమ్మకి నొప్పులని. ఆయన బడికి సెలవు చెప్పి పంపి బండి తీశారు. కాలవ గట్టు దారి. కోతలు మొదలయ్యాయి కదా, ధాన్యం బళ్లు తిరుగుతున్నాయి. కాలవ లాకు తలుపులు దాటాక గట్టు మలుపులో పెద్ద గడ్డివాము ఉంది. దాని వెనకనుంచి ఎడ్ల మువ్వలు వినిపించాయి, బండివాడి అదిలింపూ వినిపించింది. నాకు స్పష్టంగా వినిపించింది. ఏమండీ బండొస్తోంది, మెల్లిగా అన్నాను. ఆయన జోరు తగ్గించలేదు. ఆపండి అని అరిచాను. గొంతు పగిలేలా అరిచాను. తలెత్తి ఆయన మొహం చూశాను.

ఆ మొహంలో ఏమీ లేదు. కోపం లేదు, పంతం లేదు. సంతలో కూరలు కొనేటప్పుడు ఉండేంత నెమ్మదిగా ఉంది. నా అరుపు ఆయన్ని చేరనేలేదు.

మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా ధాన్యం బండి. అప్పుడు తొక్కారు బ్రేకు. తొక్కడం నేను చూశాను, కాలు పూర్తిగా కిందికి దిగింది. చక్రం పట్టుకోలేదు. చప్పుడూ లేదు, పట్టూ లేదు, నూనెలో జారినట్టు జారిపోయింది. ఎడ్లను గుద్దకుండా హ్యాండిలు తిప్పారు. గట్టు దిగి, పక్కన కోసిన చేలో పడ్డాం.

నేను సైడుకారులోనే ఉన్నాను. చెయ్యి మెలిపడింది, అంతే. ఆయన దూరంగా పడ్డారు. కుడివైపు జబ్బ ఎముక విరిగింది. తడిమి చూస్తే తెలిసింది. నా పైట చింపి చెయ్యి గుండెకి కట్టేశాను. కడుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాను. ఆయన నా నోటివంకే చూస్తున్నారు. కళ్లవంక కాదు, నోటివంక. అప్పుడే నా తిట్లు ఆగిపోయాయి. కానీ నిలబడి ఆలోచించే వేళ కాదు.

‘నువ్వు వెళ్లు. అక్కడ చిట్టెమ్మ చూస్తుంటుంది’ అన్నారు.

ఆయన్ని ఇంటికి చేర్చమని కోతవాళ్లకు అప్పగించాను. ధాన్యం బండివాడు బస్తాలు సగం దింపి నన్నెక్కించుకుని నాగాయలంక చేర్చాడు. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఎడమ మణికట్టు పని చెయ్యక ఏడుపొచ్చింది. చేశాను. మగపిల్లాడు. వెంటనే ఏడవలేదు. తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిస్తే ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూ నేను గుమ్మం దగ్గర కూలబడిపోయాను. అందరూ బిడ్డ బతికినందుకు అనుకున్నారు.

నవంబరు 28

పరీక్ష చేశాను. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. వెనక నిలబడి మామూలు గొంతుతో ఏమండీ అన్నాను. లేదు. కొంచెం పెద్దగా అన్నాను. లేదు. అత్తగారి గొంతంత పెద్దగా అన్నాను. తిరిగారు.

నెలలో వందమంది నాలుకలు చాపించి చూస్తాను. పక్కలో పడుకునే మనిషి చెవులు పోతుంటే పొగరనుకున్నాను.

ఆయన మీద కోపం. దాచినందుకు. దాస్తూ బండి నడిపినందుకు. నన్ను ఎక్కించుకుని నడిపినందుకు. చంపేసేవారు కదా ఇద్దరినీ, ఆ ఎడ్లతో సహా.

నవంబరు 30

బండిని ఎడ్లబండి వెనక కట్టి లాక్కొచ్చారు. ఇవాళ చక్రం విప్పాను.

నిజానికి ఇద్దరం కలిసి విప్పాం. ఆయన కట్టిన చెయ్యితో పెరట్లో కుర్చీలో కూర్చుని ఏ నట్టు ముందో ఏది తర్వాతో చెప్పారు, నేను విప్పాను. డ్రమ్ము ఊడిరాగానే ఆముదం కంపు కొట్టింది. లోపలంతా నల్లటి జిడ్డు. కొత్త లైనింగు దాన్ని పీల్చుకుని తడిసి ఉంది. బ్రేకు పట్టకపోవడానికి ఇంకో కారణం వెతకక్కర్లేదు.

అత్తగారు తులసికోట దగ్గరనుంచే చెప్పారు. ఆ చక్రం గురించి మేమిద్దరం మాటలు మానుకునేదాకా వస్తే చూడలేక, నేను కేసుకి నడిచి వెళ్లిన రోజు రత్తయ్యను పిలిచి ఆవిడే కందెన పెట్టించారట. సందుల్లోంచి ఈకతో కూరి కూరి పెట్టాడట. చప్పుడాగిందని వాడికి కొబ్బరికాయ కూడా ఇచ్చారట.

ఆవిడ మీద అరిచాను. కందెన గురించి కాదు. మీకు తెలుసా ఈయన సంగతి అని. ‘మీ మావగారికీ ఈ వయసులోనే వచ్చింది. ఆయనకి వినపడాలనే కదే నాకీ గొంతొచ్చింది. వీడు నీతో చెప్పుంటాడనుకున్నాను. ఆ రోజు నువ్వు శంఖం అన్నావు చూడు, చెప్పాడని ఖాయం చేసుకున్నాను’ అన్నారు. ఆవిడ ఆ రోజు గరిటె వదిలేసి ఎందుకు వెళ్లారో అప్పుడు తెలిసింది.

నేను ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాను. నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. బడివాళ్లకు తెలిస్తే ఉద్యోగం పోతుందని దాచారు, అది నాకు అర్థమవుతుంది. నాతో ఎందుకు?

‘నీకు తెలుసనుకున్నాను రమా’ అన్నారు. ‘డాక్టరువి. తెలియకుండా ఎట్లా ఉంటుందీ అనుకున్నాను. తెలిసే ఊరుకున్నావని సంతోషించాను. బ్రేకు బాగుచేసిన మర్నాటినుంచీ నువ్వు చప్పుడు చప్పుడని మొదలుపెట్టావు. నాకేమో ఏ చప్పుడూ లేదు. చెవిటివాణ్ణని పొడుస్తున్నావనుకున్నాను.’

నేను నిజంగా చప్పుడు గురించే చెప్పాను. ఒట్టు, చప్పుడు గురించే. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో. ఆయన తల ఊపుతూనే ఉన్నారు.

కాసేపటికి, ఎట్లా ఉండేది అని అడిగారు. ఏది అన్నాను. ఆ చప్పుడు అన్నారు.

లైనింగు బిగించిన బ్రేకు షూ తుడిచి చూశాను. నేననుకున్నట్టే, రెండు రివెట్ల తలలు పైకి లేచి మెరుస్తున్నాయి. డ్రమ్ము లోపల చుట్టూ గీత పడి ఉంది. ఆయన మంచి చెయ్యి తీసి డ్రమ్ము మీద పరిచి, రివెట్టు తల ఆనించి గట్టిగా గీశాను. నా పళ్లు జివ్వుమన్నాయి. ఆయన వేళ్లకు అదురు తగిలింది. ‘ఇదా’ అన్నారు. మళ్లీ గియ్యమన్నారు. మళ్లీ గీశాను.

నేను చెప్పింది ఒప్పని తేలింది. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఇదే. పెరటి తలుపు దబాలున వేసి లోపలికి వచ్చేశాను. ఆ తలుపు చప్పుడు కూడా ఆయనకి వినపడి ఉండదు.

డిసెంబరు 3

నా మీద నాకు కోపం. రాసి లాభం లేదు.

డిసెంబరు 8

లైనింగు కొత్తది తెప్పించాను. రివెట్టు తల దిగేలా రంధ్రం మూతి ముందుగా వెడల్పు చేసుకోవాలట. ఆ పని ఆయన మానేశారు. ఎందుకు మానేశారంటే, అంత అవసరం అనుకోలేదు అన్నారు. లెక్కల మేష్టారు! నా చేత ప్రతిదీ చేయించి, ప్రతి తలనీ గోటితో తడిమి చూశాకే చక్రం ఎక్కించనిచ్చారు.

హెడ్మాస్టరుతో చెప్పమన్నాను. జనవరిలో చెబుతానన్నారు. అప్పుడూ చెప్పరు. నేనే వెళ్లి చెబుతానన్నాను. చెప్పు చూద్దాం అన్నారు. పోట్లాడుకున్నాం. ఎదురెదురుగా కూర్చుని, మొహాలు మొహాల్లో పెట్టుకుని. రత్తయ్య బయటనుంచి చూసి భయపడ్డాడట.

డిసెంబరు 15

ఇక బండి మీరు నడపడానికి వీల్లేదన్నాను. మరి నీ కేసుల సంగతో అన్నారు. అత్తగారు అరుగు అనబోయారు. నేను నడుపుతానన్నాను. చీర గోచీ పోసి కట్టుకుని బడి వెనక బీడులో నేర్చుకుంటున్నాను. ఊరంతా వచ్చి చూస్తోంది. చూడనీ.

డిసెంబరు 22

చిట్టెమ్మ బిడ్డను చూడ్డానికి నాగాయలంక వెళ్లాం. నేను నడిపాను, ఆయన సైడుకారులో కూర్చున్నారు. లాకు దగ్గర ఒకడు ఈలవేశాడు. దిగి నాలుగు తన్నాలనిపించింది. దిగితే మళ్లీ స్టార్టు చెయ్యడం కష్టమని ఊరుకున్నాను.

గడ్డివాము మలుపు దాటాక ఆయన తలెత్తి అడిగారు, చక్రం చప్పుడేమైనా వస్తోందా అని. లేదండీ అన్నాను. నేను రోడ్డువంక చూస్తూ అన్నాను. ఆయన మళ్లీ అడిగారు. లేదండీ అని అరిచాను. మూడోసారి అడగలేదు. నా మోకాలికి దగ్గరగా ఆయన మొహం పైకి చూస్తూనే ఉంది, జవాబు కోసం.

బండి ఆపాను. బ్రేకు చక్కగా పట్టింది. పూర్తిగా ఆయనవైపు తిరిగి, లేదు, అస్సలు లేదు అని చెప్పాను. అమ్మయ్య అన్నారు. ఇంత చిన్నమాటకి నట్టనడిమి దారిలో బండి ఆపించారని నాకు ఒళ్లుమండింది. ఆ సంగతి చెప్పడానికీ అలాగే ఆయనవైపు తిరిగి కూర్చోవలసి వచ్చింది.